రెండో ఇనుప కాయ

అక్టోబరు 6, 1997
జర్మనీ

ఓపల్ అక్కకు,

నీ చెల్లెలు ఎడమచేత్తో రాస్తోంది. అక్షరాలు కోడి కెలికినట్టుంటే తిట్టకు. మొన్న శనివారం రోతెన్‌బుర్గ్ వెళ్ళాం. ఊరి చుట్టూ పాత కోటగోడ ఉంది, దాని మీద నడవచ్చు. ఆ గోడ మెట్లు దిగుతూ జారిపడ్డాను. కుడి మణికట్టు వాచింది, విరగలేదులే.

ఏడాది పొడుగునా క్రిస్మస్ సామాన్లే అమ్మే దుకాణం ఒకటుంది అక్కడ. రాయిస్ నా భుజం చుట్టూ చెయ్యేసి అన్ని అంతస్తులూ తిప్పాడు. "నీకేది కావాలంటే అది తీస్కో నెల్డా, అడ్డు చెప్తే అడుగు" అన్నాడు. ఒక గాజు గంట తీసుకున్నాను. దుకాణపామె నా చేతికట్టు చూసింది, రాయిస్‌ని చూసింది, గంటను రెండు పొరల కాగితంలో చుట్టింది. తర్వాత మంచు ఉండలని అమ్ముతారే, చక్కెర పొడి జల్లిన పిండివంట, అది తిన్నాం. పేరు గొప్ప ఊరు దిబ్బ. నోరంతా ఇసుక పోసుకున్నట్టయింది.

ఇక్కడ ఆదివారం దుకాణాలుండవు. శనివారం కూడా చీకటి పడకముందే మూసేస్తారు. అందుకని మా మెట్ల చుట్టూ ఉన్న ఎనిమిది అమెరికా సైనిక కాపురాలూ శనివారం పొద్దున్నే కార్లెక్కి తలో దిక్కూ పోతాయి. సోమవారం మగాళ్ళు డ్యూటీకి పోగానే ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చుని ఎవరేం కొన్నామో చెప్పుకుంటాం. మా కింది ఇంటి ఇనెజ్ మాత్రం నన్నెప్పుడూ ఏం కొన్నావని అడగదు.

పోలండ్‌లో కొన్న నీలిచుక్కల పళ్ళాలు నీకు పంపాను, ఈపాటికి అంది ఉండాలి. పగలకుండా నా స్వెట్టర్లలో, ఉన్ని గౌనులో చుట్టాను. పళ్ళాలు నీవి. బట్టలు మాత్రం తీసి నా పాత బీరువాలో పెట్టు అక్కా, మరిచిపోకు.

హార్లన్ బావ నడుము ఎలా ఉంది?

కోడి కెలుకుడు చెల్లి,
నెల్డా


అక్టోబరు 19, 1997
కోల్టర్స్ ఫోర్క్, కెంటకీ

యూరప్ మహారాణి నెల్డా గారి సముఖానికి,

బడి వంటింట్లో మూడు వందల మంది పిల్లలకి బంగాళాదుంపలు ఒలిచి ఇప్పుడే వచ్చి కూలబడ్డాను. నీ ఉత్తరం హార్లన్‌కి చదివి వినిపించాను. నడుము సంగతి అడిగావని మురిసిపోయి, "మీ చెల్లెలు వారానికో ఊరు చూస్తోంది, మనం వారానికో డాక్టర్ని చూస్తున్నాం" అన్నాడు. బొగ్గుగని ఆయన నడుం విరిచింది గానీ నోరు విరవలేదు.

పళ్ళాలు నీ ఉత్తరం కన్నా ముందే వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. ముందుగది అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టాను. మిసెస్ టాకెట్ చూసి తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది. వాటికి చుట్టిన బట్టలు ఉతికి చర్చి పెట్టెలో వేశాను. నీ ఉత్తరం వచ్చేసరికే పంచేశారు కూడా. కోపం తెచ్చుకోకు. అక్కడ కొత్తవి కొనుక్కునేదానివి, మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెట్టర్లు దాచుకుని ఏం చేస్తావు? ఇక్కడ చలికాలం వస్తోంది, లేనివాళ్ళున్నారు.

మెట్లు జారిపడ్డావంటే నవ్వొచ్చింది. ఈ కొండల్లో మేకపిల్లలా గెంతినదానివి! అక్కడి బీరు గానీ రుచి మరిగావా?

ఒక్కటే కోరిక. ఎంతైనా చెల్లెలివి, నిన్ను కాక ఎవర్ని అడుగుతాను? బ్లాక్ ఫారెస్ట్ కోకిల గడియారం. రెండు గొలుసులకు బరువులుగా రెండు ఇనుప పైన్ కాయలు వేలాడుతుంటాయే, ఆ అసలు సిసలుది. చిన్నప్పుడు డాక్టరు గారింట్లో చూశాం. అది కూస్తుంటే ఇంజెక్షన్ పొడిచిన సంగతి కూడా తెలియకుండా నువ్వు నోరెళ్ళబెట్టి నిలబడ్డావు. అలాంటిది నా గోడ మీద కూస్తే చాలు. రాయిస్‌ని అడుగు, కాదనడు. పెట్టి పుడితే గానీ అలాంటి మొగుడు దొరకడు.

దుంపల కంపుతో,
ఓపల్


నవంబరు 2, 1997

ఓపల్,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు. బావకి కూడా వద్దు. కవరు మీద ఇనెజ్ పేరు, ఆమె పెట్టె నంబరు ఉన్నాయి. ఇకమీదట నిజం రాయాలంటే దానికే రాయి. ఇక్కడ ఉత్తరాలు ఇంటికి రావు. రాయిస్ యూనిట్‌లో మాకో పెట్టె ఉంటుంది, దాని తాళంచెవి ఆయన మెడలో ఉంటుంది. నువ్వు రాసింది నాకంటే ముందు ఆయన చదువుతాడు. నేను రాసింది ఆయన చదివాకే కవరు అంటిస్తాను. అందుకే నీకు గాజు గంటలూ, మంచు ఉండలూ రాశాను.

నేను ఏ గోడ మీంచీ పడలేదు. ముందు రోజు సాయంత్రం సూపులో ఉప్పెక్కువైందన్నాడు. నా చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. మూసి, దానికి వీపు ఆనించి, సిగరెట్ వెలిగించుకున్నాడు. అది అయిపోయేదాకా కదల్లేదు. వాచింది మణికట్టు కాదు, రెండు వేళ్ళు. విరిగాయి.

శుక్రవారం దెబ్బలు, శనివారం దుకాణాలు. ఇదీ మా వారం. తెల్లారేసరికి ఏడుస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు, కిందికి పోయి కారు కడుగుతాడు. బకెట్ చప్పుడు వినపడిందంటే ఆ రోజు ప్రయాణం ఉందన్నమాట. నీ బీరువాలో నీలిచుక్కల పళ్ళాలు నా ఎడమ చెవివి. ఆ చెవి ఇంకా సరిగా వినపడదు. ట్రయర్ నుంచి పంపిన గ్లాసులు నా పక్కటెముక. స్ట్రాస్‌బుర్గ్ లేసు గుడ్డ బల్ల మీద పరిచి క్రిస్మస్ విందు పెట్టానని మురిసిపోయావు. అది కడుపులో తన్నిన వారం కొన్నది. అప్పుడు నాకు మూడో నెల అక్కా. ఇంకెవరికీ చెప్పలేదు. రాయిస్‌కి కూడా.

ఇప్పుడు గడియారం అడిగావు. ఆయనే నీ ఉత్తరం నాకు చదివి వినిపించి, "మీ అక్కకి గడియారం కావాలట" అని నవ్వాడు. దానికి నా ఒంట్లో ఇంకేం మిగిలిందో చెప్పు, రాసిస్తాను.

ఆ స్వెట్టర్లు చుట్టడానికి కాగితం లేక చుట్టలేదే. నా పెట్టె సర్దితే ఆయనకి తెలుస్తుంది. నీకు పంపే బహుమతుల పెట్టెలో పాత బట్టలున్నా అనుమానపడడు, పైగా మోసి పెడతాడు. కొంచెం కొంచెంగా నన్ను నేనే ఇంటికి పంపుకుంటున్నాను అనుకున్నా. నువ్వు ఊరందరికీ పంచేశావు.

పాస్‌పోర్టు ఆయన లాకరులో ఉంది. ఇక్కడ పెళ్ళానికి సొంత పేరుండదు. లైబ్రరీలో పుస్తకం తెచ్చుకోవాలన్నా ఆయన నంబరు చెప్పాలి. ఇంటికి పోవాలన్నా ఆయన సంతకం ఉండాలి. మేడ మీద ఆయన మొదలుపెట్టగానే ఇనెజ్ కింద నుంచి చీపురు కర్రతో పైకప్పు కొడుతుంది. అంతకు మించి ఇక్కడ నా కోసం ఎవరూ చప్పుడు చేయరు.

నెల్డా


నవంబరు 14, 1997
కోల్టర్స్ ఫోర్క్

నెల్డా తల్లీ,

నీ ఉత్తరం చదివి పిండి చేతులతోనే కూర్చుండిపోయాను. నీ కడుపు సంగతి చదివి ఏడ్చాను. ఆ లేసు గుడ్డ తీసి మడిచి పెట్టేశాను.

కానీ ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. కిందటేడు సెలవులకొచ్చినప్పుడు రాయిస్ ఎండలో మూడు రోజులు మా పైకప్పు మీదే ఉండి రేకులు వేశాడు. గ్లాసు మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడ్డాడు. ఆ చేతులూ నువ్వు రాసిన చేతులూ ఒకటేనంటే నాకు మింగుడు పడటం లేదు. నువ్వు పెంచి రాశావనడం లేదు. సైన్యంలో వాళ్ళ నరాలు తెగిపోయేదాకా లాగుతారట, అది ఇంట్లో బయటపడుతుందేమో. నాన్న మాత్రం? అమ్మ ముప్ఫై ఏళ్ళు కాపురం చేసింది. కొంచెం ఓర్చుకో. ఆయన అలిసి వచ్చినప్పుడు ఎదురు మాట్లాడకు. నీ నోరు నాకు తెలుసు.

నేను చేయగలిగింది చేశాను. చర్చిలో బుధవారం కూటంలో లేచి ప్రార్థన చేయమని అడిగాను. పేర్లు చెప్పలేదు. "దూరదేశంలో ఉన్న మా చెల్లెలు, చెయ్యి చేసుకునే మొగుడు" అన్నానంతే. పాస్టరు గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. నెల్డా, ఆ ప్రార్థనకి గోడలు కదిలాయి. ఏదో మేలు జరుగుతుంది, చూస్తూండు.

ప్రేమతో,
ఓపల్


డిసెంబరు 9, 1997

ఓపల్,

నీ ప్రార్థన అందింది. పోస్టులో.

పేర్లు చెప్పలేదన్నావు. నీకెంతమంది చెల్లెళ్ళే? చర్చి హాల్లో "సముద్రాల అవతల మన బిడ్డలు" అని బోర్డు ఉంది, దాని మీద మా పెట్టె నంబరు సొంత చేత్తో గుచ్చింది నువ్వే. కోల్టర్స్ ఫోర్క్‌లో ఆడవాళ్ళకి ఒకళ్ళ కష్టం తెలిస్తే ఏం చేస్తారు? కార్డు రాస్తారు. పదకొండు కార్డులు. అన్నీ రాయిస్ పేరుకే. అన్నీ ఒకే శుక్రవారం.

సాయంత్రం వచ్చి బూట్లు విప్పలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బెల్టుతో కుర్చీకే కట్టాడు. నిలబడి పాస్టరులా గొంతెత్తి చదివాడు. "రాయిస్ బాబూ, నీ చేతుల్లో దూరిన సైతాను నిన్ను విడిచిపోవాలని మోకరించాం. ఇట్లు, మిసెస్ టాకెట్." ఆ కార్డుతో నా చెంప మీద మెల్లగా తట్టాడు. తర్వాత పిడికిలితో కొట్టాడు. తర్వాత రెండో కార్డు. ఆరో కార్డుకి ఒక పన్ను నాలుక మీదికొచ్చింది. మింగేశాను, ఉమ్మితే కార్పెట్ పాడవుతుందని మళ్ళీ కొడతాడని. కింద ఇనెజ్ చీపురు కర్ర విరిగేదాకా కొట్టింది. తొమ్మిదో కార్డు పెర్లీ అత్తది. దాని మీద కుక్కపిల్ల బొమ్మ ఉంది. ఆ తర్వాత రెండూ నాకు గుర్తు లేవు.

పొద్దున్నే బకెట్ చప్పుడు. బ్లాక్ ఫారెస్ట్‌లో ట్రైబర్గ్ వెళ్ళాం. డిసెంబరు మబ్బుల్లో నాకు నల్లకళ్ళద్దాలు. దుకాణం గోడల నిండా గడియారాలు, గంట కాగానే అన్నీ ఒకేసారి కూశాయి. నాకు ఒక చెవికే వినపడింది. "మీ అక్కకి పెద్దదే కొందాం" అన్నాడు. ఎనిమిది రోజులకొకసారి గొలుసు లాగితే చాలట. కాయలు ఒక్కోటి కేజీన్నర పైనే ఉంటాయి. దుకాణదారుతో జోకులేసి నవ్వాడు. కారెక్కాక చెప్పాడు, "ఆ పదకొండు ముండలకీ నువ్వు ఉత్తరాలు రాస్తావు. నేను అబద్ధాలకోరుని, నాకు మతి చెడింది, మా ఆయన దేవుడు, అని. సొంత దస్తూరీతో. నా ఎదురుగా కూర్చుని. కొత్త సంవత్సరం సెలవులకి ఇంట్లోనే ఉంటాగా."

అందుకని గడియారం పెట్టెలోనే, బల్ల మీద ఉంది. క్షమాపణలు పూర్తయ్యాకే పంపుతాడట.

నీకు ఇంకా మింగుడు పడకపోతే చెప్పు. నేను పన్నే మింగాను.

నెల్డా


డిసెంబరు 17, 1997

నెల్డా,

నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

నీ ఉత్తరం తీసుకుని బుధవారం కూటానికి పోయాను. లేచి నిలబడి మొత్తం చదివాను. కార్డు కార్డుకీ ఎవరిదో పేరుతో సహా. మిసెస్ టాకెట్ "చాలు ఓపల్, ఆపు తల్లీ" అంది. "ఆమె కూర్చుని వింది, మీరూ వినండి" అన్నాను. పెర్లీ అత్త కుక్కపిల్ల మాట రాగానే బయటికి పోయి వాంతి చేసుకుంది. వాళ్ళని అని ఏం లాభం, నిప్పు పెట్టింది నేను. బోర్డు మీది మీ కాగితం పీకి పొయ్యిలో వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

అమ్మ ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిందన్నాను. అమ్మ పోయినప్పుడు ఒళ్ళు కడిగింది నేను. నీకు పదేళ్ళు, నిన్ను లోపలికి రానివ్వలేదు. నాన్న మంగలికత్తి నూరుకునే తోలు పట్టా అమ్మ వీపు మీద ఎన్ని చోట్ల తేలిందో లెక్కపెట్టలేకపోయాను. కొన్ని పాతవి, కొన్ని ఆ వారానివి. గుండె ఆగిందన్నారు. నేనూ అదే చెప్పాను అందరికీ. నీకూ. పదహారేళ్ళుగా ఆ వీపుకి తెల్లగుడ్డ కప్పి, నీకు కాపురం చేయమని నీతులు చెబుతున్నాను.

ఆ ఉత్తరాలు రాయకు. ఒక్కటి కూడా. కింద ఇనెజ్ తలుపు కొట్టు. ఎవరు సంతకం పెడతారో, ఏ కల్నల్ కాళ్ళ మీద పడాలో నాకు రాయి, వచ్చి పడతాను. నాకు గడియారం వద్దు. నువ్వు ప్రాణాలతో రా.

ఓపల్


జనవరి 4, 1998
ఇనెజ్ వాళ్ళ వంటిల్లు

అక్కా,

నీ ఉత్తరం ఈ వంటింట్లోనే చదివాను. చదివి మళ్ళీ పైకి పోయాను, పాస్‌పోర్టు కోసం. తెలివితక్కువ పనే. సెలవులకి లాకరు ఖాళీ చేసి పాస్‌పోర్టు ఇంటికి తెచ్చాడని, కోటు జేబులో ఉందని తెలుసు. ఆయన నిద్రపోతున్నాడనుకున్నాను, మేలుకునే ఉన్నాడు.

రెండో తారీఖు, శుక్రవారం. మధ్యాహ్నం మూడింటికి నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కాగితాలు, పెన్ను. మొదటిది మిసెస్ టాకెట్‌కి. రాశాను. రెండోది రాశాను. మూడోది రాశాను. నువ్వు వద్దన్నావు గానీ, బెల్టు ఆయన ఒళ్ళో ఉంది. నాలుగోది పెర్లీ అత్తకి. "నేను అబద్ధం" దాకా రాశాను. అక్కడ అమ్మ వీపు గుర్తొచ్చింది. నేను చూడని వీపు. పెన్ను కింద పెట్టేశాను.

"రాయి" అన్నాడు.

"రాయను."

"ఏమన్నావ్?"

"చెవుడు నాకా, నీకా?" అన్నాను. నా నోరు నీకు తెలుసుగా.

జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి నా చెయ్యి గడియారం పెట్టెలో పడింది. కాగితాల పీచులో చల్లగా, బరువుగా ఏదో తగిలింది. ఆయన ఎడమచేత్తో నా మెడ నొక్కి, కుడిచెయ్యి బల్ల మీద ఆనించి వంగాడు. ఆ చేతి మీద కొట్టాను అక్కా, ఇనుప కాయతో, మణికట్టు మీద. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. మళ్ళీ కొట్టాను. ఆయన అరిచిన అరుపు నాకు చెవిటి చెవిలో కూడా వినపడింది. బెల్టు కోసం రెండో చెయ్యి చాచాడు. మోకాలి మీద కొట్టాను. పడ్డాడు. పడ్డాక కొట్టలేదు. కొట్టాలనిపించింది. కాయ ఎత్తి పట్టుకుని ఆయన తల దగ్గర నిలబడ్డాను. "నెల్డా, బంగారం, వద్దు" అని ఏడ్చాడు, శనివారం పొద్దున ఏడ్చినట్టే. ఆ ఏడుపు వినగానే నాకు అసహ్యమేసింది. చంపేటంత అక్కర కూడా లేకపోయింది.

తలుపు తీస్తే మెట్ల మీద ఇనెజ్ ఉంది. ఈసారి చీపురు కర్ర పట్టుకుని పైకే వచ్చింది. ఆమె వెనక మిగతా కాపురాల ఆడవాళ్ళూ ఉన్నారు. ఇన్నాళ్ళూ అందరూ విన్నారట. నేనేమంటాను? విని ఊరుకోవడం నీకూ నాకూ తెలిసిందే కదా.

మిలిటరీ పోలీసులు వచ్చారు. కోటు జేబులోంచి నా పాస్‌పోర్టు తీసి నాకిచ్చారు. ఆస్పత్రిలో నా ఒంటికి ఫొటోలు తీశారు. పాత గాయాలకి కూడా తీశారు. ఇనెజ్ రెండేళ్ళుగా తేదీలు వేసి క్యాలెండరులో రాసి పెట్టింది. అన్నీ శుక్రవారాలే. కల్నల్ ఆ క్యాలెండరు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. తర్వాత నా ప్రయాణం కాగితాల మీద రాయిస్ సంతకం అక్కర్లేకుండా తనే పెట్టాడు. రాయిస్‌ని బారక్‌లో ఉంచారు, విచారణ ఉంటుందట. నా విమానం ఫిబ్రవరి మూడున.

గడియారం రేపు పొద్దున్నే పంపుతున్నాను. నువ్వు వద్దన్నావు. కానీ దీని ఖరీదు నేను ఇచ్చేశాను, ఇంక దీన్ని వాడికి వదలను. ఒక్క కాయే ఉంటుంది. రెండోది పోలీసుల దగ్గర సంచిలో ఉంది.

పళ్ళాలు పగలగొట్టకు. అది నా పని.

ఇక్కడ ఆకలేస్తోంది. సరిగ్గా ఆకలేసి ఏడాది దాటింది. ఇనెజ్ సూప్ చేసింది, ఉప్పు చాలా ఎక్కువైంది. రెండు గిన్నెలు తాగాను.

నెల్డా


జనవరి 19, 1998
కోల్టర్స్ ఫోర్క్

నా నెల్డాకి,

ఇది ఇనెజ్ పెట్టెకి చివరి ఉత్తరం. ఆ తల్లికి కొత్త చీపురు కర్ర ఒకటి కొనిపెట్టు నా తరఫున.

పళ్ళాలు, గ్లాసులు, లేసు గుడ్డ అన్నీ పెరట్లో పెట్టెలో ఉన్నాయి. బండరాయి కూడా చూసి పెట్టాను. మిసెస్ టాకెట్ చూడ్డానికి వస్తానంది. "రండి గానీ కార్డు మాత్రం తేకండి" అన్నాను.

ఈ రెండు వారాలూ ఇల్లిల్లూ తిరిగాను. చర్చి పెట్టెలోంచి నీ బట్టలు ఎవరికి పోయాయో కనుక్కుని, గుమ్మం ముందు నిలబడి అడిగాను. సిగ్గుపడలేదు. నీలం స్వెట్టరు పెర్లీ అత్త ఒంటి మీదే ఉంది. విప్పి నా చేతిలో పెట్టి, మంచులో పలచటి జాకెట్టుతో నిలబడింది. నా కోటు ఆమెకిచ్చి వచ్చాను. మొత్తం ఆరు దొరికాయి. ఉన్ని గౌను మాత్రం కొండ అవతల ఎవరో పిల్ల చలికి వేసుకుని బడికి పోతోందట. దాన్ని అడగలేకపోయాను. ఆ ఒక్కదానికీ నన్ను క్షమించు. మిగతావి ఉతికి నీ పాత బీరువాలో మడిచి పెట్టాను, నువ్వు చెప్పినట్టే.

గడియారం వచ్చింది. హార్లన్ నడుము పట్టుకుని కుర్చీ ఎక్కి ముందుగదిలో మేకు కొట్టాడు. ఉన్న ఒక్క కాయ చేతిలో పట్టుకుని, "ఏ గొలుసుకి తగిలించను?" అని అడిగాడు. ఒక గొలుసుకి తగిలిస్తే కోకిలకి కూసే బలం వస్తుందట గానీ ముల్లు కదలదు. రెండోదానికి తగిలిస్తే ముల్లు నడుస్తుందట, కోకిల నోరెత్తదు.

ముల్లుకే తగిలించమన్నాను. నాకు కోకిల అక్కర్లేదు. ఫిబ్రవరి మూడు రావాలి.

తలుపు తీసే ఉంచుతాను,
ఓపల్